మనోవిజ్ఞాన తొలిపాఠాలు : సనద్ ప్రశ్న

మనోవిజ్ఞాన శాస్త్రం నేడు మన ఇళ్ళలోకి అనేక ద్వారాల గుండా ప్రవేశిస్తోంది. డిగ్రీలో దానిని ప్రధాన విషయంగా తీసుకునేవారు కొద్దిమందే కావచ్చు. కాని ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళే ప్రతి అబ్బాయీ, ప్రతి అమ్మాయీ విద్యా మనోవిజ్ఞానం చదవవలసిందే. నర్సింగు చదివేవారికీ, సమాజసేవ చదివేవారికీ, వ్యాపార నిర్వహణ చదివేవారికీ అందులో ఒక భాగం పాఠ్యాంశంగా ఉంటుంది. వీరిలో అత్యధికులు ఈ శాస్త్రంలో చదివేది ఒకే ఒక పుస్తకం, అదే ప్రవేశ గ్రంథం. ఆ తర్వాత జీవితమంతా 'మనోవిజ్ఞానం ఇలా చెప్పింది' అని వారు చెప్పే మాటలకు ఆ ఒక్క పుస్తకమే ఆధారమవుతుంది. కనుక ఆ పుస్తకం ఎటువంటిది, దానిని ఏ దృష్టితో చదవాలి అనే ప్రశ్న చిన్నది కాదు.

మన సమాజంలో ఈ పుస్తకం పట్ల రెండు వైఖరులు కనిపిస్తాయి. ఒక వర్గం దానిని ఆధునిక విజ్ఞానపు తుది తీర్పుగా తలచి, అందులో అచ్చయిన ప్రతి వాక్యాన్నీ శిరసావహిస్తుంది. మరొక వర్గం అది నాస్తికుల శాస్త్రమని భావించి, ముట్టకుండానే దూరం పెడుతుంది. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. చెప్పిన మాటను పరీక్షించి చూడడమనేది రెండింటిలోనూ లేదు. హదీసు శాస్త్రాన్ని పెంచి పోషించిన సమాజానికి ఇది తగిన స్థితి కాదు. ఒక మాట మన ముందుకు వచ్చినపుడు దాని సనద్ ఏమిటి, ఎవరి నుండి ఎవరికి ఎలా చేరింది, మార్గంలో ఎక్కడైనా తెగిందా, మాటలు మారాయా అని అడగడం మన పూర్వ విద్వాంసులు నేర్పిన విద్య. ఇమామ్ ముస్లిం (రహ్మ) తన సహీహ్ గ్రంథానికి రాసిన పీఠికలో ఈ విషయంపై ఎంత విపులంగా చర్చించారో మదరసా విద్యార్థులందరికీ తెలుసు. ఆ విద్యనే మనోవిజ్ఞాన ప్రవేశ గ్రంథంపై ప్రయోగించి చూడడం ఈ వ్యాస ఉద్దేశం.

ఒక విద్యార్థి అనుభవం

ఈ చర్చ కేవలం పాండిత్య విషయం కాదని చెప్పడానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ చాలు. మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ (1892–1977) పేరు ఉర్దూ తెలిసిన మన పాఠకులకు కొత్త కాదు. ఖుర్ఆన్ వ్యాఖ్యాతగా ఆయన చిరస్మరణీయులు. లక్నోలోని కానింగ్ కళాశాలలో చదివి 1912లో ఆయన బి.ఏ. పూర్తి చేశారు. తత్వశాస్త్రం, మనోవిజ్ఞానం ఆయనకు ప్రీతిపాత్రమైన విషయాలు. మానవ ఉద్వేగాలపై 'ఫల్సఫయే జజ్బాత్' అనే గ్రంథాన్ని ఉర్దూలో రచించారు. 1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా ఏర్పడినపుడు అందులో కొంతకాలం పనిచేశారు.

అటువంటి వ్యక్తి విద్యార్థి దశలోనే విశ్వాసం కోల్పోయి, సుమారు పదేళ్ళపాటు దానికి దూరంగా ఉన్నారు. ఆ మార్పుకు కారణమైన పుస్తకాలను ఆయన తన ఆత్మకథలో పేర్కొన్నారు. వాటిలో ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ మానసిక వైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ (1835–1918) రచనలు ముఖ్యమైనవి. మానసిక వ్యాధులను గురించి చెబుతూ ఆ రచయిత దైవప్రవక్త (సల్లం)పై అవతరించిన వహీని మూర్ఛవ్యాధి లక్షణంగా ఉదహరించాడు. మత ప్రచారకుడు రాసిన కరపత్రంలో ఈ మాట చదివి ఉంటే ఆ యువకుడు దానిని పట్టించుకుని ఉండేవాడు కాదు. కాని ఇది వైద్యుడు రాసిన శాస్త్ర గ్రంథం. మతంతో నిమిత్తం లేని పుస్తకంలో, ఒక రోగ వర్ణన మధ్యలో, అందరికీ తెలిసిన విషయమే అన్నట్లు ఆ మాట వచ్చింది. అందుకే అది అంత లోతుగా నాటుకుంది.

ఇప్పుడు ఆ మాటకు సనద్ అడుగుదాం. మాడ్స్‌లీ పరీక్షించిన రోగి ఎవరు? ఎవరూ లేరు. పన్నెండు శతాబ్దాల నాటి వ్యక్తిని ఏ వైద్యుడూ పరీక్షించలేడు. ఈ కథనం బైజాంటియం క్రైస్తవ సన్యాసి థియోఫనీస్ రాసిన చరిత్రలో కనిపిస్తుంది. అది 9వ శతాబ్ది తొలినాళ్ళ రచన, అంటే దైవప్రవక్త (సల్లం) పరమపదించిన దాదాపు 180 సంవత్సరాల తర్వాతిది. రాసినవాడు ఇస్లాం ప్రత్యర్థి. యూరప్ గ్రంథాలలో ఆ కథనం తరతరాలుగా సాగుతూ వచ్చింది. ఎడ్వర్డ్ గిబ్బన్ ఇస్లాం అభిమాని కాడు. అయినా 1788లో వెలువడిన తన రోమన్ చరిత్ర సంపుటంలో ఇది గ్రీకులు అంటగట్టిన అపవాదని తోసిపుచ్చాడు. ఆ తర్వాత కూడా అదే మాట వైద్యశాస్త్రపు దుస్తులు ధరించి తిరిగి వచ్చింది. ప్రత్యర్థి చెప్పిన కథనం రోగనిర్ధారణగా చలామణి అయింది.

దర్యాబాదీగారు తర్వాత తిరిగి ఇస్లాంను చేరుకున్నారు. ఆ ప్రయాణంలో మౌలానా రూమీ మస్నవీ, మౌలానా షిబ్లీ నోమానీ రచించిన సీరత్ ఆయనకు తోడ్పడ్డాయి. ఆయన జీవితం నుండి 'మనోవిజ్ఞానం చదవకండి' అనే పాఠం తీసేవారున్నారు. అది సరికాదు. ఆ పుస్తకంలో రోగుల గురించి వైద్యుడు స్వయంగా చూసి రాసిన పుటలున్నాయి, విని రాసిన పుటలూ ఉన్నాయి. ఆ రెండింటినీ వేరుచేసే విద్య ఆ యువకునికి అప్పుడు అందుబాటులో ఉండి ఉంటే ఆ పదేళ్ళ కథ మరోలా ఉండేదేమో. నేటి విద్యార్థికి ఆ విద్యనే అందించవలసి ఉంది.

ప్రవేశ గ్రంథం ఇచ్చేదేమిటి?

విమర్శకు ముందు న్యాయం జరగాలి. విలియం జేమ్స్ 1890లో తన రెండు సంపుటాల మహాగ్రంథాన్ని ప్రచురించి, 1892లో విద్యార్థుల కోసం దానిని సంక్షిప్తం చేశాడు. ప్రవేశ గ్రంథాల స్వరూపం నాటి నుండి క్రమంగా స్థిరపడింది. జర్మనీలోని లైప్జిగ్ నగరంలో 1879లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల స్థాపించడంతో కథ మొదలవుతుంది. ఆపై నాడీ మండలం, ఇంద్రియ జ్ఞానం, అభ్యసనం, స్మృతి, ప్రజ్ఞ, ప్రేరణ, ఉద్వేగం, మూర్తిమత్వం, మానసిక రుగ్మతలు, సాంఘిక ప్రవర్తన వరుసగా వస్తాయి. ఏ దేశపు పుస్తకం తెరిచినా ఈ వరుస ఇంచుమించు ఇదే.

ఈ అధ్యాయాలలో గట్టి విషయం చాలా ఉంది. స్మృతి అధ్యాయాన్నే తీసుకోండి. జర్మన్ పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కించి 1885లో ప్రచురించాడు. నేర్చినదానిలో పెద్ద భాగం తొలి గంటలలోనే చెదిరిపోతుందనీ, ఆ తర్వాత మరపు వేగం తగ్గుతుందనీ, ఒకేసారి వల్లించడం కన్నా విరామాలతో వల్లించడం మేలనీ అతని ఫలితం. ఒకే మనిషిపై, అది కూడా ప్రయోగకర్త తనపై తానే చేసుకున్న ప్రయోగమిది. ఇది నిలుస్తుందా అనే అనుమానం న్యాయమైనదే. నెదర్లాండ్స్ పరిశోధకులు అదే పద్ధతిని మళ్ళీ పాటించి 2015లో ఫలితాలు ప్రకటించారు. మరపు రేఖ దాదాపు అలాగే వచ్చింది.

హిఫ్జ్ మదరసాలో చదివినవారికి ఈ ఫలితం వింతగా ఉండదు. అక్కడ కొత్త పాఠానికి సబఖ్ అనీ, ఇటీవలి పాఠాలకు సబఖ్ పారా అనీ, పాతవాటికి ఆమోఖ్తా అనీ పేర్లు పెట్టి, ప్రతిదానికీ రోజులో వేరువేరు సమయం కేటాయిస్తారు. కొత్తది త్వరగా జారిపోతుంది గనుక దానిని వెంటవెంటనే వినిపించాలి. పాతది నెమ్మదిగా జారుతుంది గనుక దానిని మలుపు మలుపుగా తిరగేయాలి. ఉస్తాదులు అనుభవంతో ఏర్పరచిన ఈ క్రమానికి కారణమేమిటో మనోవిజ్ఞానం కొలిచి చూపింది. అయితే అర్థంలేని అక్షరాల మరపు, లయబద్ధమైన ఖుర్ఆన్ పఠనపు మరపు ఒక్కటి కావు. హాఫిజ్‌ల స్మృతి గురించి తెలుసుకోవాలంటే హాఫిజ్‌లనే పరిశీలించాలి. ఆ పరిశీలన చేయవలసినవారు ఈ శాస్త్రం చదివిన మన పిల్లలే.

మాటల దగ్గర మొదలయ్యే చిక్కు

అనువాదకునిగా నా దృష్టి ముందుగా పరిభాషపై పడుతుంది. తెలుగు మాధ్యమంలో మనోవిజ్ఞానం చదివే విద్యార్థి రెండు, మూడు అనువాదాలు దాటివచ్చిన మాటలను చదువుతున్నాడు. ప్రతి మలుపులోనూ కొంత అర్థం జారిపోయింది.

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలను తెలుగు పుస్తకాలు 'శాస్త్రీయ నిబంధనం' అనే శీర్షిక కింద వివరిస్తాయి. శాస్త్రీయ సంగీతం అన్నప్పటి అర్థంలో, అంటే తొలుత స్థిరపడినది అనే భావంతో, ఆ విశేషణాన్ని వాడారు. కాని విద్యార్థికి స్ఫురించేది శాస్త్ర విజ్ఞానానికి సంబంధించిన శాస్త్రీయత. 'పావ్లోవ్‌ది శాస్త్రీయమైతే స్కిన్నర్‌ది అశాస్త్రీయమా?' అని అడిగే విద్యార్థి తెలివితక్కువవాడు కాడు. పదం అతడిని దారి తప్పించింది. ఇక 'నిబంధనం' అనే మాట చక్కగా కుదిరింది. పావ్లోవ్ వాడిన రష్యన్ పదానికి 'ఒక షరతుపై ఆధారపడినది' అని అర్థం. గంట మోగితే నోరూరడమనేది, గంట వెంట ఆహారం వస్తూ ఉండాలనే షరతుకు లోబడినది. ఆంగ్లంలోకి వచ్చేసరికి అది 'అలవాటు చేయబడినది' అనే అర్థంలోకి ఒరిగింది. అరబీ అనువాదకులు షర్త్ అనే ధాతువునే ఎంచుకున్నారు. మన షరతు కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. ఇంత తేలికైన విషయం విద్యార్థికి బరువుగా తోచడానికి కారణం విషయం కాదు, దానిని చెప్పిన తీరు.

ఫ్రాయిడ్ మాటలది మరింత చిక్కు. 1923లో వెలువడిన గ్రంథంలో ఆయన 'అది', 'నేను', 'నేనుపై నిలిచిన నేను' అని పిల్లవానికి కూడా తెలిసే జర్మన్ మాటలు వాడాడు. ఆంగ్ల అనువాదకులు వాటి స్థానంలో లాటిన్ పదాలు పెట్టారు. మనవారు వాటిని అచిత్తు, అహం, అధ్యహం అన్నారు. సంస్కృతంలో అహం అంటే నేను అనే అర్థమే అయినా, వాడుక తెలుగులో 'వాడికి అహం ఎక్కువ' అంటే గర్వమని అర్థం. ఫలితంగా మన ఉపన్యాసకులు కొందరు 'మనోవిజ్ఞానం కూడా అహాన్ని అణచమనే చెబుతోంది' అని కిబ్ర్ గురించిన ప్రసంగంలో చెప్పడం విన్నాను. ఫ్రాయిడ్ చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధం. ఆయన దృష్టిలో అహం అంటే కోరికలకూ, అంతరంగంలోని అదుపులకూ, బయటి ప్రపంచానికీ మధ్య సర్దుబాటు చేసే శక్తి. చికిత్స దానిని బలపరచాలే గాని అణచకూడదు.

'ప్రజ్ఞ' విషయంలో మాటతో పాటు సందర్భం కూడా పోయింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బీనే, థియోడోర్ సీమోన్‌తో కలిసి 1905లో తన ప్రశ్నావళిని రూపొందించాడు. పాఠశాలలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక సహాయం అందించడం దాని ఉద్దేశం. ఒక పిల్లవాని శక్తిని జీవితాంతం మారని అంకెగా చూడడాన్ని ఆయన ఖండించాడు. 1911లో బీనే మరణించాడు. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ ఆ ఫలితాన్ని ఒక భాగహారలబ్ధంగా సూచించాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దానిని విస్తృత వాడుకలోకి తెచ్చాడు. సహాయం కోసం పుట్టిన సాధనం పిల్లలకు ముద్ర వేసే సాధనంగా మారింది. హదీసును అర్థం చేసుకోవడానికి సబబె వురూద్, అంటే ఆ మాట వెలువడిన సందర్భం తెలియాలని మనవారు అంటారు. ప్రజ్ఞాలబ్ధి లెక్కించే సూత్రాన్ని అప్పజెప్పే ఉపాధ్యాయ విద్యార్థికి ఈ సందర్భం తెలియకపోతే, రేపు అతని తరగతిలో వెనుక బల్లపై కూర్చునే పిల్లవాడు నష్టపోతాడు.

కథలు, కథకులు

ప్రవేశ గ్రంథాలలో విద్యార్థి మనసుకు ఎక్కువగా హత్తుకునేవి కథలు. పరీక్ష అయిపోయాక గుర్తుండేవి కూడా అవే. వాటి స్థితి ఏమిటో చూద్దాం.

1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వాట్సన్, రోజలీ రేనర్ కలిసి ఒక పసివానిపై చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. తెల్ల ఎలుకను చూపినపుడల్లా వాని వెనుక ఉక్కు కడ్డీని సుత్తితో మోదారు. పదకొండు నెలల ఆ శిశువు ఎలుకను చూస్తేనే బెదరసాగాడు. 'చిన్నారి ఆల్బర్ట్' పేరుతో ఈ కథ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. బెన్ హారిస్ అనే మనోవైజ్ఞానికుడు 1979లో మూలవ్యాసాన్నీ, పాఠ్యపుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. శిశువును భయపెట్టిన వస్తువుల జాబితా పుస్తకానికో తీరుగా ఉంది. మూలంలో లేని వస్తువులు వచ్చి చేరాయి. కొన్ని పుస్తకాలలోనైతే, ప్రయోగం ముగిశాక ఆ భయాన్ని తొలగించారనే శుభాంతం కూడా ఉంది. వాస్తవానికి భయం తొలగించకుండానే ఆ శిశువు ఆస్పత్రి విడిచి వెళ్ళాడు. కుందేలంటే భయపడే మరొక బాలుని భయాన్ని 1924లో మేరీ కవర్ జోన్స్ తగ్గించి చూపింది. అది వేరే ప్రయోగం. ఒక్క శిశువుపై చేసిన బలహీనమైన ప్రయోగం, దానిపై రచయితల చేర్పులు, చివర ఒక ఊరడింపు. ఇదీ ఆ రివాయత్ స్థితి.

రెండవది న్యూయార్క్ కథ. 1964 మార్చిలో కిటీ జెనొవీస్ అనే యువతి అక్కడ హత్యకు గురైంది. 38 మంది చూస్తూ ఊరకున్నారనీ, ఒక్కరైనా పోలీసులను పిలవలేదనీ ఒక ప్రముఖ దినపత్రిక రాసింది. దశాబ్దాల పాటు ప్రవేశ గ్రంథాల సాంఘిక మనోవిజ్ఞాన అధ్యాయంలో ఇది ముఖ్య ఉదాహరణ అయింది. ఆధునిక మానవుని హృదయ కాఠిన్యానికి నిదర్శనంగా మన వక్తలూ దీనిని వాడుకున్నారు. ముగ్గురు పరిశోధకులు 2007లో న్యాయస్థానపు రికార్డులు పరిశీలించి, 38 మంది ప్రత్యక్ష సాక్షులు చూస్తూ నిలబడ్డారనడానికి ఆధారం లేదని చూపారు. ఆ పత్రిక కూడా తన కథనంలో లోపాలున్నాయని 2016లో అంగీకరించింది.

ఇక్కడ తొందరపాటు తీర్పు కూడదు. కథకు సనద్ లేదని తేలినంత మాత్రాన దాని వెంట వచ్చిన ప్రయోగాలన్నీ కూలిపోవు. లటానే, డార్లీ 1968 నుండి చేసిన ప్రయోగాలలో, తనతో పాటు చూసేవారు మరికొందరున్నారని తెలిసినపుడు ఒక్కొక్క వ్యక్తి సహాయానికి కదిలే అవకాశం తగ్గింది. ఆ ఫలితానికి తగిన బలముంది. మరోవైపు బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల వీధి కెమెరాలలో నమోదైన 219 ఘర్షణలను పరిశీలించినవారు, పదింట తొమ్మిది సందర్భాలలో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారని 2019లో ప్రకటించారు. ఈ రెండూ కలిసి నిజమే. ఒక్కొక్కని సంకోచం పెరిగినా, గుంపులో ఎవరో ఒకరు ముందుకు రావచ్చు. కథ మాత్రం ఈ సూక్ష్మాన్ని మింగివేసి, మానవుడు నిర్దయుడనే ఒక్క మాట మిగిల్చింది.

తొలి హిజ్రీ శతాబ్దాలలో మసీదులలో కథలు చెప్పి జనాన్ని ఏడిపించే ఖుస్సాస్ ఉండేవారు. వారిలో కొందరి ఉద్దేశం మంచిదే. కాని కథ రక్తికట్టాలనే తపనలో వారు అబద్ధానికి దారి తెరిచారు. ఇమామ్ ఇబ్నె జౌజీ (రహ్మ) ఈ కథకుల గురించి ఒక గ్రంథమూ, కల్పిత హదీసుల గురించి మరొక గ్రంథమూ రచించవలసి వచ్చింది. పాఠ్యపుస్తక రచయితకూ ఇదే శోధన ఎదురవుతుంది. విద్యార్థి నిద్రపోకూడదు గనుక కథ కావాలి. వెనుకటి పుస్తకంలో ఉన్న కథను మూలం చూడకుండానే కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తాడు. అలా అచ్చు మీద అచ్చు పడి, పదిమంది చెప్పారనే భ్రమ కలుగుతుంది. నిజానికి పదిమందీ ఒక్కరి నుండే విన్నారు. ఒక్కనోటి మాట పదిచోట్ల వినిపించినంత మాత్రాన ముతవాతిర్ కాదని మదరసా మొదటి తరగతుల విద్యార్థికి కూడా తెలుసు.

ఎవరిని చూసి చెప్పారు?

సనద్ సరిగా ఉన్న ఫలితాల విషయంలో మరొక ప్రశ్న ఉంది. 'మానవుడు ఇలా ఆలోచిస్తాడు' అని పుస్తకం అన్నప్పుడు ఆ మానవుడెవరు? జెఫ్రీ ఆర్నెట్ 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం, అమెరికాకు చెందిన ఆరు ప్రముఖ మనోవిజ్ఞాన పత్రికలలో పరిశీలనకు లోనైనవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారే. వారిలోనూ పెద్ద భాగం అమెరికన్లు. మిగిలిన ప్రపంచపు అలవాట్లు, కుటుంబాలు, విశ్వాసాలు ఆ ఫలితాలలో లేవు. హెన్రిక్ మొదలైనవారు 2010లో ఈ లోపాన్ని మరింత విపులంగా ఎత్తిచూపారు.

2015లో ఇంకొక పరీక్ష జరిగింది. సుమారు 270 మంది పరిశోధకులు కలిసి, ప్రచురితమైన 100 పరిశీలనలను మళ్ళీ చేసి చూశారు. మూల వ్యాసాలలో 97 శాతం గణాంక దృష్ట్యా చెప్పుకోదగిన ఫలితాలు చూపగా, పునఃపరిశీలనలో అటువంటి ఫలితాలు 36 శాతానికే వచ్చాయి. ఈ అంకెను పట్టుకుని 'మనోవిజ్ఞానం అబద్ధం' అని సంబరపడేవారు ఒక విషయం మరచిపోతున్నారు. ఈ పరీక్ష చేసినవారూ మనోవైజ్ఞానికులే. హారిస్, ఆర్నెట్ కూడా వారే. తమ ఇంటిని తామే తనిఖీ చేసి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటించిన శాస్త్రాన్ని ఎగతాళి చేయడం న్యాయం కాదు. ప్రవేశ గ్రంథంపై నా ఫిర్యాదు అల్లా ఈ తనిఖీ ఫలితాలు దాని పుటలలోకి ఆలస్యంగా, కొన్నిచోట్ల అసలు రాకపోవడమే.

మన పుస్తకాలకూ ఇదే కొలత

ఈ కొలతను పరుల పుస్తకాలకు మాత్రమే వర్తింపజేస్తే అది విమర్శ కాదు, పక్షపాతం అవుతుంది. 'ఇస్లామీయ మనోవిజ్ఞానం' పేరుతో ఉర్దూలోనూ తెలుగులోనూ వచ్చే చిన్న పుస్తకాలలో తరచుగా కనిపించే ఒక సమీకరణం ఉంది. నఫ్సె అమ్మారా అంటే అచిత్తు, నఫ్సె లవ్వామా అంటే అధ్యహం, నఫ్సె ముత్మయిన్నా అంటే అహం అని, ఫ్రాయిడ్ చెప్పినదంతా మన దగ్గర ముందే ఉన్నదని అవి చాటుతాయి. ఇది వినసొంపుగా ఉన్నా పరిశీలనకు నిలవదు. ఫ్రాయిడ్ చెప్పినవి ఒకే సమయంలో మనిషిలో పనిచేసే మూడు వ్యవస్థలు. దివ్య ఖుర్ఆన్ యూసుఫ్, ఖియామహ్, ఫజ్ర్ సూరాలలో పేర్కొన్నవి ఒకే నఫ్స్‌కు కలిగే స్థితులని మన విద్వాంసుల వివరణ. అచిత్తుకు మంచిచెడుల తెలివి లేదు గనుక బాధ్యత లేదు. నఫ్స్ మాత్రం తన కర్మలకు జవాబుదారీ. అధ్యహం తల్లిదండ్రుల అదుపు లోపలికి ఇంకగా ఏర్పడినది, అది అన్యాయంగా కూడా నిందించగలదు. ప్రభువు వైపు మరలే ప్రశాంత ఆత్మకూ, లోకంతో బేరసారాలాడే అహానికీ పోలికే లేదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా' గ్రంథంలో హృదయపు అద్భుతాలను వివరించే భాగాన్ని ఎలా మొదలుపెట్టారో చూడండి. నఫ్స్, రూహ్, ఖల్బ్, అఖ్ల్ అనే నాలుగు మాటలను ముందుంచుకుని, ఒక్కొక్కదానికి ఎన్ని అర్థాలున్నాయో, ఎక్కడ అవి కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తేల్చి, ఆ తర్వాతే విషయంలోకి వెళ్ళారు. ఈ మాటల అర్థభేదాలు తెలియకపోవడం వల్లనే అనేక పొరపాట్లు జరుగుతున్నాయని ఆయన అభిప్రాయం. ఆయన పేరు చెప్పుకుని రాసే మన చిన్న పుస్తకాలు ఆయన మొదటి పుటలోని జాగ్రత్తనే విడిచిపెట్టాయి.

అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఆయన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' గ్రంథంలో శరీరారోగ్యంతో పాటు ఆత్మారోగ్యానికీ ఒక భాగం కేటాయించి, కోపం, భయం, దుఃఖం, వస్వాస్‌లను వేరువేరుగా చర్చించారు. తెలిసిన కారణంతో వచ్చే దుఃఖాన్నీ, కారణం తెలియకుండా, శరీర స్థితి నుండి వచ్చే దుఃఖాన్నీ ఆయన విడదీశారు. ఇది ఎంతో విలువైన పరిశీలన. కాని దీనిని చూపి 'నేటి మానసిక చికిత్సకు మూలపురుషుడు బల్ఖీయే' అని ప్రకటించేవారిని సనద్ అడగాలి. 1960ల దశకంలో ఆ చికిత్సను రూపొందించిన ఆరన్ బెక్‌కూ బల్ఖీకీ మధ్య గురుశిష్య పరంపర ఏదీ ఎవరూ చూపలేదు. గొలుసు తెగి ఉంది. ముందుగా చెప్పిన గౌరవం బల్ఖీకి ఇవ్వవలసిందే, మూలపురుషుడనే బిరుదు ఇవ్వడానికి ఆధారం లేదు.

బల్ఖీని పొగడడం కన్నా ఆయన మాటను పాటించడం మనకు అవసరం. మన బస్తీలలో కారణం తెలియని దిగులుతో మంచం పట్టిన అమ్మాయిని 'ఈమాన్ బలహీనం' అని నిందించేవారున్నారు. వెయ్యేళ్ళకు పూర్వమే ఒక ముస్లిం పండితుడు శరీరం నుండి పుట్టే దుఃఖం ఉందని గుర్తించి, దానికి శరీర చికిత్స కూడా అవసరమన్నాడు. ఆయన వారసులమని చెప్పుకునేవారు ఆ అమ్మాయిని వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళకుండా ఉపదేశంతో సరిపెట్టడం తగదు.

ఈ సందర్భంలో సూడాన్ మనోవైజ్ఞానికుడు మాలిక్ బద్రీ (1932–2021) రచనను గుర్తు చేయడం ధర్మం. ముస్లిం మనోవైజ్ఞానికుల సందిగ్ధంపై 1979లో వెలువడిన ఆయన గ్రంథం ఈ రంగంలో తొలి మేల్కొలుపు. ముస్లిం మనోవైజ్ఞానికుడు మొదట పాశ్చాత్య సిద్ధాంతాల మోహంలో పడి, పిదప ఇస్లాంతో వాటికి రాజీ కుదర్చజూచి, చివరకు విముక్తి పొందుతాడని ఆయన మూడు దశలు వర్ణించారు. పైన చెప్పిన సమీకరణాలు రెండవ దశకు చెందినవి. బద్రీగారి ఘనత ఏమంటే, ప్రవర్తనా వాదపు తత్వాన్ని నిరాకరించినా, రోగికి మేలు చేసే ప్రవర్తనా చికిత్సను ఆయన స్వయంగా వాడారు. మాటను దాని యజమానిని చూసి త్రోసివేయక, పరీక్షించి స్వీకరించారు. అయితే ఆయన గ్రంథం వృత్తిలో ఉన్నవారిని ఉద్దేశించినది. మొదటి సంవత్సరపు విద్యార్థి చేతిలో పెట్టదగిన పుస్తకం తెలుగులో ఇంకా రావలసే ఉంది.

పోలికకు హద్దు

హదీసు పరీక్షకూ ప్రయోగ పరీక్షకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉందని చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం. రావీ సత్యసంధుడూ, జ్ఞాపకశక్తి గలవాడూ అయి, గొలుసు తెగకుండా ఉంటే, మత్న్‌లో దోషం లేకుంటే ఆ రివాయత్ స్వీకారయోగ్యమవుతుంది. ప్రయోగకర్త విషయంలో సత్యసంధత మాత్రమే చాలదు. ఇరవై మందిని చూసి మానవజాతిపై తీర్పు చెబితే ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా తీర్పు నిలవదు. గతించిన సంఘటనను మళ్ళీ జరిపి చూడలేం, ప్రయోగాన్ని మాత్రం మళ్ళీ చేయవచ్చు. కనుక సనద్ విద్య విద్యార్థికి తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్ళాక అతడు గణాంకశాస్త్రం కూడా నేర్చుకోవలసిందే. అది కష్టమని తప్పించుకునేవాడు ఈ శాస్త్రాన్ని సమర్థించడానికీ, ఖండించడానికీ కూడా అర్హుడు కాడు.

ప్రవేశ గ్రంథం తెరిచే మన విద్యార్థి ప్రతి ముఖ్య విషయం దగ్గర నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మాట మొదట ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో చెప్పారు? ఎవరిని, ఎంతమందిని చూసి చెప్పారు? మళ్ళీ చూసినవారికి అదే కనిపించిందా? తెలుగులో నేను చదువుతున్న ఈ పదం మూలంలోని అర్థాన్నే మోస్తోందా? ఈ ప్రశ్నలకు నిలిచిన విషయాన్ని అది ఎవరి నోట వచ్చినా స్వీకరించాలి. నిలవని దానిని, అది మన పెద్దల పేరు మీద వచ్చినా, పక్కన పెట్టాలి. మన మదరసాల ఉస్తాదులు కూడా ఈ విద్యార్థులను అనుమానంతో చూడక, ఉసూలె హదీసు తొలి పాఠాలను వారికి నేర్పితే, రెండు విద్యలూ ఒకరి చేతిలో కలుస్తాయి. దర్యాబాదీగారికి పదేళ్ళు పట్టిన దూరాన్ని రేపటి విద్యార్థి గ్రంథాలయంలో ఒక సాయంత్రం మూలవ్యాసం వెతికి చూసి దాటగలడు.